ఆకులోని మందు ట్యాంకులోకి ఎలా వెళ్లింది? జే కీస్లింగ్ పరిశోధన, ఔషధ పంటల రైతు లెక్క



ఈ మధ్య ఔషధ పంటల గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. "మొక్కలు వాళ్లే ఇస్తారంట, పంట వాళ్లే కొంటారంట, వేయమంటారా?" అని. ఇలాంటి పంట వేసే ముందు మనం నేల చూస్తాం, నీళ్లు చూస్తాం, తెగుళ్లు, కూలీలు, ధర అన్నీ చూస్తాం. కానీ ఒక పోటీదారుణ్ని మాత్రం లెక్కలో వేసుకోం. ఆ పోటీదారు పక్క జిల్లా రైతు కాదు, పక్క దేశం రైతూ కాదు. స్టీలు ట్యాంకులో చక్కెర తిని బతికే ఈస్ట్.

అవును, బ్రెడ్డు పొంగడానికి వేసే ఆ ఈస్టే. మొక్క ఆకులో తయారయ్యే మందును దాని చేత చేయించడం ఇప్పుడు సాధ్యమే. ఆ దారి వేసినవాళ్లలో ముందు వరుసలో ఉన్న శాస్త్రవేత్త జే కీస్లింగ్. వీడియోలో ఆయన గురించి కొంచెమే చెప్పగలిగాను, ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆయన గెలిచిన చోటు, మార్కెట్‌లో ఆగిపోయిన చోటు రెండూ మనకు పాఠాలే.

రైతు కుటుంబం నుంచి వచ్చిన శాస్త్రవేత్త

కీస్లింగ్ 1964లో పుట్టారు. సొంతూరు అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో హార్వర్డ్ అనే చిన్న ఊరు. పేరు చూసి ఆ పెద్ద యూనివర్సిటీ అనుకోకండి, ఇది వేరు. మొక్కజొన్న, సోయా పండించే కుటుంబం వాళ్లది. నెబ్రాస్కా యూనివర్సిటీలో కెమిస్ట్రీ, బయాలజీ చదివి, మిషిగన్ యూనివర్సిటీలో 1991లో కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేశారు. అక్కడ ఆయన గురువు బెర్న్‌హార్డ్ పాల్సన్. కణం లోపల జరిగే రసాయన చర్యలన్నిటినీ కలిపి ఒకే లెక్కగా చూసే సిస్టమ్స్ బయాలజీలో పెద్ద పేరు పాల్సన్‌ది. తర్వాత కీస్లింగ్ స్టాన్‌ఫర్డ్‌లో నోబెల్ గ్రహీత ఆర్థర్ కోర్న్‌బర్గ్ దగ్గర పనిచేసి, 1992లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరారు.

ఆయన చదువు ఏ దారిలో సాగిందో చూడండి. ఒకవైపు జీవశాస్త్రం, ఇంకోవైపు ఫ్యాక్టరీలు నడిపే ఇంజినీరింగ్. కణాన్నే ఒక చిన్న ఫ్యాక్టరీగా చూడటం అక్కడి నుంచే వచ్చింది.

కణం ఒక ఆయకట్టు అనుకోండి

మెటబాలిక్ ఇంజినీరింగ్ అంటే భయపడక్కర్లేదు. కాలువ కింద వ్యవసాయం చేసిన రైతుకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది.

ఈస్ట్ కణం చక్కెర తింటుంది. ఆ చక్కెర ప్రధాన కాలువలో నీళ్ల లాంటిది. కాలువ నుంచి పిల్లకాలువలు చీలినట్టు చక్కెర కూడా అనేక దారుల్లో పోతుంది. కొంత శక్తిగా మారుతుంది, కొంత ప్రోటీన్లుగా, కొంత కొవ్వులుగా, కొంత కణం గోడలు పైపొరలుగా మారుతుంది. ప్రతి మలుపు దగ్గరా ఒక తూము ఉంటుంది. ఆ తూమే ఎంజైమ్. ఎంజైమ్ ఎలా తయారవ్వాలో రాసి ఉన్న కాగితమే జన్యువు.

మనకు కావాల్సిన పదార్థం ఈస్ట్‌లో లేదనుకోండి. అప్పుడు చేయాల్సినవి మూడు పనులు. ఒకటి, ఆ పదార్థం చేసే మొక్క నుంచి జన్యువులు తెచ్చి కొత్త పిల్లకాలువ తవ్వాలి. రెండు, ఆ కాలువలోకి ఎక్కువ నీళ్లు వచ్చేలా పై తూములు పెద్దవి చేయాలి. మూడు, వేరే వైపు పోయే నీటిని తగ్గించాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. పై తూము ఎత్తేసి కింద తూము చిన్నగా ఉంచితే ఏమవుతుంది? మధ్యలో నీళ్లు నిలిచి చేను ఉరకెత్తిపోతుంది. కణంలోనూ అంతే. కీస్లింగ్ బృందం ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో కొత్త దారి వేసినప్పుడు మధ్యలో హెచ్‌ఎమ్‌జీ-కోఏ అనే పదార్థం పేరుకుపోయి బ్యాక్టీరియా ఎదుగుదలే ఆగింది. దాన్ని తర్వాతి పదార్థంగా మార్చే ఎంజైమ్‌ను పెంచాకే కణం కోలుకుంది. అందుకే ఒక్క తూము దగ్గర నిలబడి చూస్తే చాలదు, ఆయకట్టు మొత్తం చూడాలి. సిస్టమ్స్ బయాలజీ అంటే ఆ మొత్తం చూపే.

2009లో ఆయన ల్యాబ్ ఇంకో పద్ధతి చూపించింది. వరుసగా పనిచేయాల్సిన ఎంజైమ్‌లను ఒక ప్రోటీన్ పట్టీ మీద పక్కపక్కన కూర్చోబెట్టారు. నాట్లలో నారు కట్టలు చేతికి చేయి అందించుకున్నట్టు ఒక ఎంజైమ్ చేసిన సరుకు నేరుగా పక్క ఎంజైమ్‌కి అందింది. మెవలోనేట్ అనే పదార్థం దిగుబడి 77 రెట్లు పెరిగింది.

మాచిపత్రి చుట్టం, మలేరియా మందు

ఇంత కష్టపడి చేయాలనుకున్నది ఆర్టిమిసినిన్ అనే మలేరియా మందు.

వినాయక చవితి పత్రిలో మాచిపత్రి మీకు తెలుసు. దవనం కూడా తెలుసు. ఈ రెండూ ఆర్టిమీసియా జాతి మొక్కలు. అదే జాతిలో చైనాలో పెరిగే ఇంకో మొక్క ఆర్టిమీసియా యాన్యువా. సుమారు 1,600 ఏళ్ల కిందటి ఒక చైనా వైద్య గ్రంథంలో, జ్వరానికి ఈ ఆకును నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు. ఆ మాట పట్టుకుని తు యూయూ అనే శాస్త్రవేత్త, వేడి తగలకుండా ఈథర్‌తో ఆకు సారం తీశారు. 1972లో ఆమె బృందం అసలు పదార్థాన్ని వేరు చేసింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. కషాయం ఎప్పుడు మరిగించాలి, ఎప్పుడు చల్లగా నానబెట్టాలి అనేది ఎంత ముఖ్యమో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

మలేరియా మనకు దూరపు విషయం కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో మన సికింద్రాబాద్‌లోనే. ఇవాళ మన ఏజెన్సీ గ్రామాల్లో ఫాల్సిపేరం మలేరియాకి ఇచ్చే మాత్రల్లో ఆర్టిమిసినిన్ నుంచి చేసిన మందు ఉంటుంది.

పాత మందు క్లోరోక్విన్‌కి క్రిమి లొంగకుండా పోవడంతో, 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్టిమిసినిన్ కలిపిన మందులు వాడమంది. దాంతో ఆకుకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. కానీ ఆకులో ఈ పదార్థం ఉండేది ఆకు పైన ఉండే సన్నని నూనె గ్రంథుల్లోనే, అదీ ఎండు ఆకు బరువులో ఒక శాతం అటూ ఇటూ, చాలాసార్లు అంతకన్నా తక్కువ. విత్తనం వేసిన నాటి నుంచి మాత్ర చేతికి రావడానికి ఏడాది పైనే పడుతుంది. అందుకే సరుకు ఎప్పుడూ గిరాకీ వెనకే పరిగెత్తేది.

లీటరుకు 0.1 గ్రాము నుంచి 25 గ్రాములకు

2003లో కీస్లింగ్ బృందం మొదటి మెట్టు ఎక్కింది. ఈస్ట్‌లో ఉండే మెవలోనేట్ దారిని ఈ.కోలైలోకి తెచ్చి, దానికి మొక్క ఎంజైమ్ ఒకటి జోడించి, ఆమోర్ఫాడైన్ అనే పదార్థం చేయించింది. ఆర్టిమిసినిన్ దారిలో ఇది మొదటి మజిలీ. ఆ ఏడాదే ఆయన, ఆయన దగ్గర పనిచేసిన వాళ్లు కలిసి అమైరిస్ అనే కంపెనీ పెట్టారు. 2004 చివర్లో గేట్స్ ఫౌండేషన్ ఈ పనికి 4 కోట్ల 26 లక్షల డాలర్లు ఇచ్చింది. పేద దేశాల మలేరియా మందు కోసం యూనివర్సిటీ తన పేటెంట్లను రాయల్టీ లేకుండా వాడుకోనిచ్చింది.

2006లో ఈస్ట్ లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా ఆర్టిమిసినిక్ ఆమ్లం చేసింది. ఇది మందుకి ఒక అడుగు ముందు పదార్థం. అందులో ఒక కిటుకు చూడండి. ఈస్ట్ తన పైపొర కోసం ఎర్గోస్టెరాల్ చేసుకుంటుంది. మనకు కావాల్సిన ముడిసరుకంతా ఆ కాలువలోకే పోతోంది. ఆ తూము పూర్తిగా మూసేస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. అందుకే కణం బతకడానికి ఎంత కావాలో అంత వదిలి, మిగతాది మందు వైపు తిప్పారు. టెయిల్‌ఎండ్ పొలాన్ని ఎండబెట్టకుండా వంతులు పెట్టడం లాంటిదే.

ఆ తర్వాత ఏళ్లపాటు దిగుబడి పెంచే పని అమైరిస్‌లో జరిగింది. ఆమోర్ఫాడైన్ లీటరుకు 40 గ్రాములకు చేరింది, కానీ అది ఆమ్లంగా మారడం లేదు. ఈసారి కింద తూముల దగ్గర అడ్డం పడింది. కెనడా శాస్త్రవేత్తలు మొక్కలోనే పనిచేసే మరికొన్ని ఎంజైమ్‌లను గుర్తించారు, వాటిని కలిపాక దారి తెరుచుకుంది. 2013లో ప్రకటించిన లెక్క లీటరుకు 25 గ్రాములు. ఏడేళ్లలో 250 రెట్లు. చివరి అడుగు మాత్రం ఈస్ట్ చేయదు, ఆమ్లాన్ని కెమిస్ట్రీతో మందుగా మార్చాలి.

ఈ ఒక్క పదార్థానికి పట్టిన శ్రమ ఒక్క మనిషే చేస్తే దాదాపు 150 ఏళ్ల పని అని కీస్లింగ్ లెక్క చెప్పారు. కాబట్టి ట్యాంకు అంటే మంత్రం కాదు, రాత్రికి రాత్రి వచ్చేదీ కాదు.

ట్యాంకు వచ్చింది, పొలం ఓడిపోలేదు

2013లో సనోఫీ కంపెనీ ఇటలీలోని గరెస్సియోలో ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. ఏడాదికి 50 నుంచి 60 టన్నులు, అంటే ప్రపంచ అవసరంలో మూడో వంతు చేయగలమని చెప్పింది. 2014లో ఆ మందుతో చేసిన మాత్రలు ఆఫ్రికాకి వెళ్లాయి కూడా. ఇక ఆర్టిమీసియా రైతుల పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. ఈటీసీ గ్రూప్ లాంటి సంస్థలు, చైనాలో, వియత్నాంలో, తూర్పు ఆఫ్రికాలో ఈ పంట మీద బతికే చిన్న రైతుల గతేంటని గట్టిగానే అడిగాయి. అడగాల్సిన ప్రశ్నే అది.

జరిగింది వేరు. ట్యాంకు సరుకు కిలో 350 నుంచి 400 డాలర్లకు తగ్గడం లేదు. పొలం సరుకు 250 డాలర్ల లోపుకి పడిపోయింది. 2015లో ఆ ఫ్యాక్టరీ ఒక్క గ్రాము కూడా చేయలేదు. తర్వాత దాన్ని హువేఫార్మా అనే బల్గేరియా కంపెనీకి అమ్మేశారు.

పొలం సరుకు ఎందుకు చవకైంది? ధర బాగున్న రోజుల్లో అందరూ వేశారు. 2005 ప్రాంతంలో కిలో వెయ్యి డాలర్లు దాటింది. అది చూసి వేసిన పంటంతా ఒకేసారి మార్కెట్‌కి రావడంతో రెండేళ్లలో 200 డాలర్ల చుట్టుపక్కలకి పడింది. రైతులు మానేశారు, మళ్లీ కొరత, మళ్లీ ధర. మన మిర్చి, ఉల్లి, టమాటా కథే. దీనికి తోడు పొలం వైపు కూడా సైన్సు పనిచేసింది. ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీ ఈ మొక్క జన్యు పటం గీసి 2010లో ప్రచురించింది, జన్యుమార్పిడి లేకుండా మామూలు సంకరణంతోనే ఎక్కువ మందు ఇచ్చే రకాలు తయారుచేసింది. దానికీ డబ్బిచ్చింది గేట్స్ ఫౌండేషనే. మన దేశంలో లక్నోలోని సీమ్యాప్ సంస్థ కూడా ఈ పంటలో మంచి రకాలు తెచ్చింది.

దీన్ని రైతు గెలుపు అని సంబరపడితే పొరపాటు. పొలం సరుకు గెలిచింది నిజమే. కానీ అది గెలిచిన ధర దగ్గర రైతుకి ఎంత మిగిలిందన్నది వేరే ప్రశ్న. ట్యాంకుని ఆపింది పడిపోయిన ధర, ఆ ధర భారం పడింది రైతు మీదే. ట్యాంకు నడవకపోయినా, ఈ ధర దాటితే అది నడుస్తుందన్న భయం మార్కెట్‌లో ఉంటుంది. అంటే మన ధరకి పైన ఒక కప్పు పడినట్టే.

బిళ్ళగన్నేరు దాకా వచ్చింది

కీస్లింగ్ అక్కడితో ఆగలేదు. 2007లో మొదలైన జాయింట్ బయోఎనర్జీ ఇన్‌స్టిట్యూట్‌కి సారథి అయ్యారు, పంట వ్యర్థాల నుంచి సూక్ష్మజీవులతో ఇంధనం చేసే పని అది. 2018లో ఆయన ల్యాబ్, హాప్స్ పువ్వు వేయకుండానే ఆ వాసన ఇచ్చే బీరు ఈస్ట్ చేసింది, అందుకు వాడిన జన్యువులు పుదీనా, తులసి జాతి మొక్కలవి. 2019లో గంజాయి మొక్కలోని పదార్థాలు, 2024లో చిలీ దేశపు ఒక చెట్టు బెరడు నుంచి తీసే టీకా పదార్థం కూడా ఈస్ట్‌లో చేసి చూపించారు.

మనకు దగ్గరిది 2022 నాటి పని. డెన్మార్క్ శాస్త్రవేత్తలతో కలిసి, క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌కి కావాల్సిన రెండు పదార్థాలను ఈస్ట్‌లో చేయించారు. ఈ మందు వచ్చేది మన పెరట్లో, గట్ల మీద పూసే బిళ్ళగన్నేరు నుంచే. తమిళనాడు మెట్ట ప్రాంతాల్లో దీన్ని నిత్యకల్యాణి పేరుతో పంటగా వేసి ఆకు, వేరు అమ్ముతారు. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ కావాలంటే దాదాపు 500 కిలోల ఎండు ఆకు కావాలి. ఆ మందు దొరక్క క్యాన్సర్ రోగులు ఇబ్బంది పడిన రోజులున్నాయి, కాబట్టి ఈ పరిశోధన అనవసరం అని నేను అనను. ఈస్ట్‌లో 56 జన్యు మార్పులు చేశారు, అందులో 34 జన్యువులు బయటి నుంచి తెచ్చి పెట్టినవే. అయితే వచ్చిన దిగుబడి లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా లేదు. ఇది ఇంకా ల్యాబ్ దశ.

స్టీవియా సంగతి వేరు. అది కీస్లింగ్ పని కాదు గానీ దారి అదే. స్టీవియా ఆకులో చాలా తక్కువగా ఉండే తీపి పదార్థాలను ఈస్ట్‌తో చేసే పెద్ద ఫ్యాక్టరీ 2019లోనే అమెరికాలో, అదీ కీస్లింగ్ పుట్టిన నెబ్రాస్కాలోనే మొదలైంది. మన దగ్గర స్టీవియా బైబ్యాక్ మాటలు విన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ట్యాంకు కంపెనీలన్నీ లాభాల్లో ఉన్నాయనుకోకండి. షార్కు చేప కాలేయం నుంచి తీసే స్క్వాలేన్‌ను చెరకు చక్కెరతో చేసి చూపించిన అమైరిస్ కంపెనీ 2023 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది. సైన్సు గెలవడం వేరు, వ్యాపారం నిలబడటం వేరు.

మరి మన జీవామృతం?

జీవామృతంలో కూడా సూక్ష్మజీవులకు బెల్లం పెడతాం కదా, ఇదీ అదీ ఒకటేనా? కాదు. కీస్లింగ్ ట్యాంకులో ఒకే ఒక్క ఈస్ట్ రకం ఉంటుంది. ఇంకో సూక్ష్మజీవి చొరబడితే బ్యాచ్ పాడైనట్టే. దాని పని ఒక్క పదార్థం చేయడం, పనయ్యాక ఆ పదార్థాన్ని శుద్ధి చేసి తీసుకుంటారు. మన డ్రమ్ములో పేడ, మూత్రం, గుప్పెడు గట్టు మట్టితో వచ్చిన ఎన్నో రకాల జీవులుంటాయి. వాటి పని నేలలో కలిసి బతకడం. ఒక్క పదార్థాన్ని బట్టి దాని విలువ కట్టలేం. అందుకే అది ట్యాంకుకి పోటీ కాదు, ట్యాంకు దానికి పోటీ రాదు.

ఎవరైనా సీసా మీద ఇలాంటి పెద్ద సైన్సు మాటలు రాసి పొలానికి అమ్మితే, లోపల ఏ జీవి ఉంది, మిల్లీలీటరుకు ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు తయారుచేశారు అని అడగండి. చెప్పలేకపోతే కొనొద్దు.

పంట వేసే ముందు అడగాల్సినవి

1. కొనేవాళ్లు డబ్బిచ్చేది ఆకుకా, ఆకులోని ఒక్క పదార్థానికా? శాతం పరీక్ష చేసి ధర కడతామంటే అది ఒక్క పదార్థం కోసమే. అలాంటి పంట ఎప్పటికైనా ట్యాంకుతో పోటీ పడాల్సిందే.

2. ఆ పదార్థం ఈస్ట్‌లో తయారవుతోందా? మైక్రోగ్రాముల దశలో ఉందా, ఫ్యాక్టరీ దాకా వచ్చిందా? కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ పరిశోధన కేంద్రంలో గానీ అడిగి తెలుసుకోండి.

3. శాతం పరీక్ష ఎవరు చేస్తారు? రెండో పరీక్షకి మనకు హక్కుందా? కొనకపోతే ఏంటి? ఇవి కాగితం మీద ఉన్నాయా?

4. వాళ్లు కొనకపోతే అదే ఆకుకి ఇంకో దారి ఉందా? తులసి, మునగ, కరివేపాకు లాంటివి ఆకుగా, పొడిగా, తిండిగా కూడా అమ్ముడుపోతాయి. ఆర్టిమీసియాకి ఆ దారి లేదు.

5. మొత్తం పొలం ఇస్తున్నామా, ఒక మూల ఇస్తున్నామా? కొత్త ఔషధ పంటని మిశ్రమ పంటల్లో ఒకటిగా మొదలుపెట్టడమే మేలు.

కీస్లింగ్ పరిశోధన నాకు నేర్పింది ఇదే. పంట విలువ ఒక్క పదార్థంలోనే ఉంటే, ఆ పదార్థం ఏదో ఒక రోజు ఆకు వదిలి వెళ్లిపోగలదు. విలువ మొత్తం ఆకులో, రుచిలో, తాజాదనంలో, మన నేల బాగుండటంలో ఉంటే దాన్ని ఏ ట్యాంకులోకీ ఎత్తుకుపోలేరు. వేసే పంటలో ఆ రెండో రకం విలువ ఎంతుందో ముందు కొలుచుకోండి, తర్వాతే సంతకం పెట్టండి.

వచ్చే వీడియోలో బైబ్యాక్ ఒప్పందం కాగితంలో ఏ ఏ మాటలు ఉండాలో ఒక్కొక్కటిగా చూద్దాం.